ఆవులింతలాంటి పేరు

ఆమెకున్న భయాలన్నిట్లోకీ పెద్దది ఇది: కన్న కూతురు తన పిలుపుకి కాకుండా ఆడబిడ్డ పిలుపుకి తిరుగుతుందని. మిగతా భయాలకు లెక్కే లేదు. పాలు సరిపోవట్లేదేమో, జలుబు ఛాతీలోకి దిగుతుందేమో, పిల్లనెత్తుకుని మేడ మెట్లు దిగేటప్పుడు కాలు జారుతుందేమో. అవన్నీ వచ్చేవి, పోయేవి. ఇదొక్కటి మాత్రం గుండెలో తిష్ఠ వేసుకుని కూర్చుంది.

దీనికంతటికీ మూలం మధ్య పేరు. ఆమె కడుపుతో ఉన్నప్పుడే భర్త ఒక ఒప్పందం చేశాడు. అతను బడి బస్సు డ్రైవరు. మాట తక్కువ, హారన్ ఎక్కువ అని తోటివాళ్ళు ఆటపట్టిస్తారు. "ముందు పేరు నీ ఇష్టం. మధ్య పేరు మా అక్క పెడుతుంది. నన్ను పెంచి పెద్ద చేసింది తనే కదా, ఆ మాత్రం ముచ్చట తీర్చకపోతే ఎలా?" అన్నాడు. ఆమె సరేనంది. అప్పుడు సరేననడం సులువు. పేరు పెట్టాల్సిన పిల్ల ఇంకా లోపలే కాళ్ళు జాడిస్తోంది.

ముందు పేరు ఏమిటో ఆమెకు పెళ్ళికి ముందు నుంచే తెలుసు. ఎనిమిదో తరగతి సగంలో, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకునే మనిషి లేక, ఆమెను బడి మానిపించారు. ఆఖరి రోజు పంతులమ్మ పద్యం చెబుతూ నల్లబల్ల మీద "శశి" అని రాసింది. పక్కనే "చందమామ" అని రాసింది. అంత చందమామ ఇంత చిన్న మాటలో ఎలా పట్టిందా అని ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసింది. బడి నుంచి ఇంటికి తెచ్చుకున్న ఆఖరి మాట అదే. గొంతు చించుకుని పిలవాల్సిన పని లేని మాట. పెదాల చివర ఊదితే చాలు. ఆమెకు అసలే సన్న గొంతు. పుట్టింట్లో అందరూ పడుకునే గదిలోనే తమ్ముణ్ణి జోకొట్టి జోకొట్టి, ఏం చెప్పినా గుసగుసలాడినట్టే చెప్పడం అలవాటైపోయింది.

అలా పిల్ల శశి అయింది. బోర్లా పడింది, పాకింది, ఆసరా లేకుండా కూర్చోవడం నేర్చింది. ఇంటికొచ్చిన వాళ్ళంతా శశీ అంటే శశీ అన్నారు. ఆడబిడ్డ మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఆడబిడ్డ వాళ్ళతోనే ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. మరమగ్గాల షెడ్డులో పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా దూది పోగులు, వయసు పదేళ్ళు ముందే వచ్చినట్టు. కాళ్ళు కడుక్కోవడమే ఆలస్యం, పిల్లను ఎత్తుకుని "ఏమే గుమ్మడీ! నా బొద్దు గుమ్మడీ!" అని అరిచేది. ఆడబిడ్డ గొంతు అలాంటిది. ఆవిడ చెవిలో చెప్పే రహస్యం కూడా కింది వాటా వాళ్ళకు వినపడేది. పిల్ల కూడా కిలకిలా నవ్వేది. ఆ నవ్వు వంటగదిలో ఉన్న తల్లికి చురుక్కున తగిలేది.

"వదినా, దాని పేరు గుమ్మడి కాదు" అంది ఒకసారి, పొయ్యి వైపు తిరిగే.

"ఏమన్నావ్? ఇటు తిరిగి చెప్పు" అంది ఆడబిడ్డ.

ఎప్పుడూ ఇదే మాట. మొహం చూపించి మాట్లాడాలట, మహారాణి గారికి! ఆమె తిరగలేదు, చెప్పలేదు.

పుట్టిన పిల్లల పేర్లు రాసే ఆఫీసులో గుమస్తా "రెండు పేర్లూ ఒకేసారి రాయించుకోండమ్మా, తర్వాత చేర్పించాలంటే చెప్పులు అరిగిపోతాయి" అన్నాడు. గడువు దగ్గర పడింది. ఒక సాయంత్రం భర్త మాట ఎత్తాడు.

"అక్కా, ఏం ఆలోచించావ్?"

ఆడబిడ్డ తడి జుట్టు తుడుచుకుంటూ "భాను" అంది.

తల్లి వెంటనే అర్థం వెతుక్కుంది. భాను అంటే సూర్యుడు. సూర్యుడొస్తే చందమామ ఉంటుందా? ఉన్నా ఎవరికైనా కనపడుతుందా? "ఒకే మనిషికి పగలూ రాత్రీ ఏం బాగుంటుంది?" అని గొణిగింది.

"బాగోలేదా? పోనీ మేఘమాల."

ఇంకా నయం! సూర్యుడు కాకపోతే మబ్బు. ఎలాగైనా సరే చందమామను కప్పెయ్యాలి. ఆడబిడ్డ అక్కడితో ఆగలేదు. పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడి "భానూ... మేఘమాలా... గుమ్మడీ..." అని ఒక్కొక్కటే గట్టిగా అంటూ, ఒక్కొక్కసారీ వంగి పిల్ల మొహంలోకి చూసింది. సంతలో కుండను కొట్టి చూసినట్టు. అని, ఆగి, చూసి, తల పంకించింది. పేరు పెట్టేవాళ్ళు పేరు వంక చూస్తారు గానీ పిల్ల వంక అలా చూస్తారా?

మర్నాడు ఆమె మెట్ల మీద గుండీల పిన్నికి అంతా చెప్పుకుంది. పిన్ని ఎదురింట్లో ఉంటుంది, రెడీమేడ్ చొక్కాలకు గుండీలు కుడుతుంది. నోట్లో దారం ఉన్నా మాట ఆగదు.

"భానూ, మేఘమాలానా?" పిన్ని పళ్ళతో దారం తెంపింది. "ఇంకా ఎందుకమ్మాయ్ ఆ డొంకతిరుగుడు, ఏకంగా అమావాస్య అని పెట్టెయ్యమను. పని అయిపోతుంది."

నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"నేను చెప్పాననకు" అంది పిన్ని గొంతు తగ్గించి. "పిల్లాజెల్లా లేని మనిషి. ముందు పేరు మారుస్తారు, తర్వాత ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు, ఆ తర్వాత నువ్వు పిలిస్తే పిల్ల ఎవరూ అన్నట్టు చూస్తుంది. నాకెందుకులే గానీ కాస్త కనిపెట్టుకుని ఉండు." అంతలో లోపల కుక్కర్ ఈలేసింది. చాప మీద నిద్రపోతున్న పిన్ని మనవడు కదలను కూడా కదలలేదు. "చూశావా మా బంగారాన్ని? పక్కన పిడుగు పడినా లేవడు. పెంపకం అలా ఉండాలి" అంది పిన్ని గర్వంగా.

కనిపెట్టుకుని ఉండమంటే ఉంది. కనిపెట్టేకొద్దీ కనపడింది. తను స్నానానికి వెళ్తే ఆడబిడ్డ గది తలుపు దగ్గరగా వేసేది. తలుపు సందులోంచి చూస్తే ఏముంది? పిల్లను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, ఆవిడ వెనక నిలబడి ఉంది. ఒక చేతిలో స్టీలు చెంచా, ఇంకో చేతిలో తాళాలగుత్తి. తాళాలు ఆడించింది. చెంచాతో గ్లాసు అంచు కొట్టింది. ఆ తర్వాత కిందికి వంగి, కడుపులోంచి లాగినట్టు "బూ..." అంది. పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగి, ఆవిడను చూసి చేతులు చాచింది.

చాచిన ఆ చేతులు చూసి తల్లికి అంతా అర్థమైపోయింది. మచ్చిక చేసుకుంటోంది! కోడిపిల్లకు గింజలు చల్లి దగ్గరకు తీసినట్టు తీస్తోంది!

ఇంకోరోజు ఆడబిడ్డ ఉన్నట్టుండి అడిగింది: "కడుపుతో ఉన్నప్పుడు నీకేమైనా జ్వరం తగిలిందా పిల్లా? ఒళ్ళంతా దద్దుర్లు గానీ లేచాయా?"

"ఎందుకు?"

"ఊరికే."

ఊరికే అడిగే ప్రశ్నా అది? రేపు నలుగురిలో "తల్లి రోగిష్టిది, పిల్లను నేనే చూసుకుంటాను" అనడానికి ఇప్పటి నుంచే పునాది వేస్తోంది. ఆమె పిల్లను గట్టిగా గుండెకు హత్తుకుని "నాకేమీ రాలేదు. ఉక్కులా ఉన్నాను" అంది. జ్వరం వచ్చిన మాట నిజమే. ఒళ్ళంతా ఎర్రగా పేలింది కూడా. కానీ ఆ సంగతి ఈవిడకా చెప్పేది?

అనుమానం రుజువు కావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. డాబా మీద బట్టలు తీసుకుని దిగుతుంటే, ఇంట్లోంచి ఆడబిడ్డ గొంతు మెట్ల దాకా వచ్చింది. తమ్ముడితో చాటుగా మాట్లాడుతున్నాననుకుంటోంది, పాపం.

"నిజం చెప్తున్నాన్రా. దానికి తల్లి అందడం లేదు. నేను పిలిస్తే తిరుగుతుంది, తల్లి పిలిస్తే తిరగదు. ఎన్నిసార్లో చూశాను. నువ్వే నచ్చజెప్పు. నేను చెప్తే బాగుండదు."

"అక్కా, తను తట్టుకోలేదే."

"తట్టుకోవాలి మరి. ఎన్నాళ్ళు దాస్తాం?"

బట్టల మూట అక్కడే మెట్టు మీద జారిపోయింది. తల్లి అందడం లేదు. అంటే తల్లిగా తాను చాలడం లేదనేగా? బడి మానేసినప్పుడు కూడా ఇలాగే, ఆమెకు తెలియకుండా, గోడ అవతల పెద్దవాళ్ళు మాట్లాడుకునే తేల్చేశారు. అప్పుడు పుస్తకాలు తీసుకున్నారు. ఇప్పుడు పిల్లను తీసుకుంటారు.

ఆ రాత్రి భర్త ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి, పక్కకు తిరిగి పడుకున్నాడు. హారన్ కూడా మూగబోయింది.

షెడ్డుకు సెలవు రోజు వచ్చింది. భర్త బస్సు కడగడానికి వెళ్ళాడు. పిల్ల చాప మీద గిన్నెలతో ఆడుకుంటోంది. ఆడబిడ్డ దానికి ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. ఆమె గోడ వైపు తిరిగి బట్టలు మడతపెడుతూ, ఇంక ఆపుకోలేకపోయింది.

"వదినా, ఒక్క మాట. మీరెప్పుడైనా నా కూతుర్ని శశి అని పిలిచారా?"

"ఏమన్నావ్? ఇటు తిరిగి చెప్పు."

"శశి" అంది, తిరగకుండానే. "శశి. శశి. ఆ పేరు మీ నోటికి అంత బరువా?"

వెనక నుంచి నవ్వు వినపడింది. "ఏమిటే, పిలుస్తున్నావా, ఆవులిస్తున్నావా?"

చేతిలో ఉన్న చొక్కా విసిరికొట్టి ఆమె ఇటు తిరిగింది. "నా కూతురి పేరు మీకు ఆవులింతా? ఏం చేశాను మీకు? సూర్యుడని ఒకసారి, మబ్బని ఒకసారి, దాని పేరు చెరిపెయ్యాలని చూస్తారు. తలుపు మూసి మచ్చిక చేసుకుంటారు. తల్లిగా పనికి రానని తమ్ముడికి నూరిపోస్తారు. నా పిల్లండీ అది! నేను కన్నాను!" ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

ఆడబిడ్డ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చిక్కుళ్ళ చేట పక్కకు జరిపింది.

"ఎగతాళి కాదే పిచ్చిదానా. నాకు నిజంగా అలాగే వినపడుతుంది."

"ఎలా?"

"అ... ఇ... అని. పదహారో ఏట షెడ్డులోకి వెళ్ళాను. ఆ మగ్గాల మోత ఉంది చూడు, అది ముందుగా సన్న శబ్దాలను తినేస్తుంది. నాకు పిచ్చుకలు పోయాయి. కుక్కర్ ఈల పోయింది. ఈల వేస్తున్నా కదలదు మహారాణి అని నువ్వు తిట్టుకుంటావే, అందుకే."

"అది మీకు వినపడిందా?" అంది ఆమె కంగారుగా.

"నీ మొహం వినపడింది. పెదాలు చూసి మాట పట్టుకోవడమే మా షెడ్డు చదువు. అక్కడ పేర్లతో పిలిస్తే ఎవరికీ వినపడదు. ఒక్కొక్కరికీ ఒక్కో కూత. ఒకావిడ హో, ఒకావిడ ఆంబా. నన్ను బూ అంటారు. లావు కూతలైతే ఆ మోతలో కూడా అందుతాయి. స, శ, చ, ఇవన్నీ ఉత్త గాలి. నీ పిల్ల పేరు మొత్తం ఆ గాలే. నేను పిలవబోతే నా నోట్లోంచి ఏం వస్తోందో నాకే తెలియదు. తప్పు పలికితే నవ్విపోరూ? అందుకని గుమ్మడి అన్నాను."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే గుండీల ఆవిడకు చెప్తావు. ఆవిడకు తెలిస్తే మా మేస్త్రీకి తెలుస్తుంది. చెవిటిదాన్ని మగ్గం దగ్గర ఉంచుతాడా?"

అది నిజమేననిపించినా, ఆమె అనుమానం అంత తేలిగ్గా వదల్లేదు. ఇది కూడా ఎత్తేనేమో. తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో "మీ చీర వెనక చిరిగింది" అంది.

ఆడబిడ్డ ఓపిగ్గా చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక, "అయిందా? ఏమన్నావ్?" అంది. చీర చిరిగిందంటే ఏ ఆడమనిషైనా వెనక తడుముకోకుండా ఉంటుందా? ఆమె మెల్లగా తువ్వాలు దించింది.

"నా సంగతి అటుంచు" అంది ఆడబిడ్డ. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "పిల్ల సంగతి చెప్తాను, ఏడవకు. అది నిన్ను చూసి నవ్వుతుంది, నీ గొంతు విని కాదు. నాకు పోయినవే దానికీ అందడం లేదేమోనని నా అనుమానం. తాళాలు ఆడిస్తే తిరగదు. గ్లాసు మోగిస్తే తిరగదు. బూ అంటే తిరుగుతుంది. అందుకే లావుగా పలికే పేర్లు వెతికాను. నువ్వు పిలిస్తే దానికి అందాలని."

ఆమె లేచి పిల్ల వెనక్కి వెళ్ళింది. పిల్ల గిన్నె మీద గిన్నె పెట్టే పనిలో మునిగి ఉంది. "శశీ" అంది, రోజూ పిలిచినట్టే. గిన్నె మీద గిన్నె. "శశీ... తల్లీ..." ఇంకాస్త గట్టిగా. గిన్నె కింద పడింది, పిల్ల దాన్ని వెతుక్కుంది. ఇన్నాళ్ళూ ఎన్నివేల సార్లు పిలిచి ఉంటుంది! ఎదురుగా ఉండి పిలిచినప్పుడల్లా పిల్ల నవ్వింది. వెనక నుంచి పిలిచినప్పుడల్లా, ఆటలో ఉందిలే అనుకుంది.

ఆడబిడ్డ తన కడుపు మీద చెయ్యి వేసి చూపించింది, ఇక్కడి నుంచి అని.

ఆమె ఊపిరి పీల్చింది. సిగ్గేసింది. తర్వాత సిగ్గు పోయింది. "బూ..."

పిల్ల గిరుక్కున తిరిగింది. ఆడబిడ్డ వైపు కాదు. తల్లి వైపు. తిరిగి, ఇలాంటి గొంతు నీకు కూడా ఉందా అన్నట్టు కళ్ళింతలు చేసుకుని చూసి, చేతులు చాచింది.

చెవుల డాక్టరు దగ్గరికి ముగ్గురూ కలిసి వెళ్ళారు. నిద్రపోతున్న పిల్ల తలకు తీగలు అంటించి, తెర మీద గీతలు చూసి, డాక్టరమ్మ ముక్కూ నోరూ కప్పిన మాస్కు వెనక నుంచే చెప్పింది: "లావు శబ్దాలు బాగానే అందుతున్నాయి. సన్నవే అందడం లేదు. చిన్నప్పుడే తెచ్చారు, అది నయం. చెవికి మెషిన్ పెడదాం, మాటలు నేర్పుదాం." కడుపుతో ఉన్నప్పుడు జ్వరం గానీ, దద్దుర్లు గానీ వచ్చాయా అని కూడా అడిగింది. ఈసారి ఆమె వచ్చాయని చెప్పింది. అదీ ఒక కారణం కావచ్చంది డాక్టరమ్మ, మీ తప్పేమీ కాదని కూడా అంది.

ఆడబిడ్డ డాక్టరమ్మ మాస్కు వంకే బిక్కమొహంతో చూస్తోంది. ఆమెకది కనపడింది. ఆడబిడ్డ వైపు పూర్తిగా తిరిగి, పెదాలు సాగదీసి, గొంతు పెంచి, డాక్టరమ్మ చెప్పిందంతా మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. బయట కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు. చూస్తే చూశారు.

పేర్లు రాయించడానికి వెళ్ళేటప్పుడు భర్త మెల్లగా అన్నాడు, "పోనీ ముందు పేరే మార్చేద్దామా?"

"మార్చను" అంది. "మెషిన్ పెట్టాక అది వినాల్సిన మొట్టమొదటి సన్న మాట అదే."

గుమస్తా కలం పట్టుకుని "శశి... తర్వాత?" అన్నాడు. భర్త అక్క వంక చూశాడు. ఆడబిడ్డ నువ్వే చెప్పు అన్నట్టు మరదలి వంక గడ్డం ఎగరేసింది.

"భూమి" అంది ఆమె. కడుపులోంచి.

గుమస్తా ఉలిక్కిపడి "వినపడిందమ్మా, నేనేం చెవిటివాణ్ణా" అన్నాడు. రాసుకుంటూ, "చందమామకు భూమి. బాగానే కుదిరింది" అన్నాడు. ఆడబిడ్డ మాత్రం ఆమె పెదాల వంకే చూస్తూ ఉండిపోయింది. "ఏమన్నావ్? ఇటు తిరిగి మళ్ళీ చెప్పు" అంది. వినపడకేమీ కాదు.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ అనుమానం అలవాటైన మనిషికి అది ఒకచోట తీరితే ఇంకోచోట మొలుస్తుంది. మెట్లెక్కి ఇంటికి వస్తుంటే పిన్ని ఇంట్లో కుక్కర్ ఈలేసింది. చాప మీద మనవడు కదల్లేదు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈసారి ఏమీ దాచుకోకుండా చెప్పింది: "పిన్నీ, బాబును ఒకసారి చెవుల డాక్టరుకు చూపించండి."

పిన్ని సూది కింద పెట్టింది. "ఏమిటమ్మాయ్, నీ ఇంట్లో నిప్పు నా ఇంట్లో వేద్దామనా? నా మనవడికి చెవుడంటావా? నీ కళ్ళలో..." అని లేచి దభాలున తలుపు వేసింది. గోడ కూడా అదిరింది. తలుపు సందులోంచి ఆమె చూసింది. బాబు నిద్ర చెదరలేదు.

ఆ రోజు నుంచి ఎదురింటి తలుపు ఆమెకు తెరుచుకోలేదు. పిలిచినా పలకరు. అందుకని మిమ్మల్ని అడగాల్సి వస్తోంది. చొక్కాకు గుండీ ఊడిందనో, దారం కావాలనో ఏదో ఒక వంక పెట్టుకుని మీరెవరైనా ఆ మెట్లెక్కితే, పిన్నితో మంచిగా నాలుగు మాటలు మాట్లాడండి. పొగడండి, ఆవిడకు పొగడ్త ఇష్టం. ఆ మాటల్లో ఉండగానే ఆ బాబు వెనక్కి వెళ్ళి, మీ మొహం కనపడనివ్వకుండా, మెల్లగా ఒక్కసారి పిలిచి చూడండి.